బ్యాగు ఎక్కడ తెగిందో చూసి కొత్తది కొనండి: గుట్టలకూ మంచుకూ

భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకునేవాళ్లు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగేవాళ్లు, చలికాలంలో గుల్మార్గ్‌కో ఔలీకో స్కీయింగ్‌కు పోయేవాళ్లు. దారులు వేరైనా వీళ్ల బ్యాగులు పాడయ్యే చోట్లు దాదాపు ఒకటే. గుడ్డ నడిమధ్యలో చిరగడం అరుదు. పట్టీ మొదట్లోనో, జిప్పు దగ్గరో, లోపలి పూతలోనో, అడుగునో పోతుంది. పాత బ్యాగు పారేసే ముందు అది ఎక్కడ ఓడిందో చూడండి. కొత్తదానిలో ముందు పరీక్షించాల్సింది ఆ చోటునే.

భుజం పట్టీ మొదట్లో కుట్టు విడిపోతోంది

నడకలో ప్రతి అడుగుకూ బరువు ఎగిరి పడుతుంది. ఆ కుదుపంతా అరచేతిలో సగమంత చోటు మీదికి వస్తుంది. చౌక బ్యాగుల్లో అక్కడ ఉండేది ఒకటి రెండు వరసల మామూలు కుట్టే.

పట్టీని పైకెత్తి, కుట్టుకు రెండు పక్కలా బొటనవేళ్లు పెట్టి విడదీస్తున్నట్టు లాగండి. సూది చిల్లులు గుండ్రంగా ఉంటే భయం లేదు. గుడ్డు ఆకారంలో సాగి, వాటిలోంచి వెలుతురు కనిపిస్తే చిరగడం మొదలైనట్టే.

పాత చిల్లుల మీదే మళ్లీ కుట్టిస్తే ఆ బ్యాగు ఇంకో ప్రయాణం దాటదు, ఎందుకంటే గుడ్డ అక్కడ అప్పటికే నీరసించింది. లోపలి వైపు నైలాన్ నవారు ముక్క వేయించండి. అది పాత కుట్టును అన్ని వైపులా కనీసం 3 సెంటీమీటర్లు దాటాలి. దాని మీద చతురస్రంగా కుట్టించి, మధ్యలో గుణకారం గుర్తులా రెండు గీతలు వేయించాలి. నూలు దారం చెమటకూ తడికీ కుళ్లిపోతుంది కాబట్టి నైలాన్ లేదా పాలిస్టర్ దారమే అడగండి. కుట్టుకూ కుట్టుకూ 3 మిల్లీమీటర్ల ఎడం చాలు. మరీ దగ్గరగా కుడితే పోస్టల్ స్టాంపు అంచులా చిల్లుల వెంటే చిరుగుతుంది.

కొనేటప్పుడు పట్టీ చివర్లలో బార్‌టాక్ కోసం చూడండి. వెనక్కీ ముందుకీ ఒత్తుగా కుట్టిన మందపాటి గీత అది.

జిప్పు వేసిన వెనకే తెరుచుకుంటోంది

పళ్లు పోయాయనుకుని జిప్పంతా మార్పిస్తుంటారు. చాలాసార్లు తప్పు రన్నర్‌ది. దుమ్ము, గరుకు ఇసుక దాని లోపలి అంచుల్ని అరగదీస్తాయి. పై రేకుకూ కింది రేకుకూ మధ్య సందు పెరిగి, పళ్లను నొక్కి కలపలేకపోతుంది.

పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్లు పెట్టి పళ్లు రుద్ది ఆరనివ్వండి. తర్వాత రన్నర్‌ను జిప్పు మొదటికి తెచ్చి, కలిసిన పళ్లు బయటికొచ్చే వైపు కటింగ్ ప్లేయర్‌తో ఒక పక్కా, తర్వాత రెండో పక్కా కొద్దిగా నొక్కండి. ఒకసారి లాగి చూసి, చాలకపోతే ఇంకొంచెం. ఒక్క ఊపున నొక్కితే రన్నర్ పగులుతుంది. ఇలా రెండుసార్లు చేసినా నిలవకపోతే రన్నర్ మార్చాలి. వెనక 5, 8, 10 లాంటి అంకె ఉంటుంది, అదే కొలతది తేవాలి. పెద్ద అరకు 8 లేదా 10 ఉన్న బ్యాగు మేలు, 5 చిన్న జేబులకు సరిపోతుంది.

బిగుసుకున్న జిప్పుకు కొబ్బరినూనె రాయకండి, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. కొవ్వొత్తి రుద్దండి.

లోపల జిగటగా ఉంది, తెల్లని పొరలు రాలుతున్నాయి

నీళ్లు దిగకుండా వేసిన పాలీయురేథేన్ పూత వేడికీ తేమకూ విరిగిపోయింది. తడి ఆరకుండానే కారు డిక్కీలోనో రేకుల ఇంట్లోనో పెట్టిన బ్యాగుకు మన ఎండాకాలంలో ఈ గతి తొందరగా పడుతుంది. పోయిన పూత తిరిగి రాదు. పొరల్ని రుద్ది తీసేసి, లోపల గట్టి ప్లాస్టిక్ కవరు వేసుకుని వాడుకోవచ్చు. కొనేటప్పుడు బ్యాగులో ముఖం పెట్టి వాసన చూడండి. పులిసిన వాసన వస్తే వదిలేయండి.

అడుగు అరిగి చిల్లు పడింది

బ్యాగును రాయి మీద ఈడ్చడం వల్లే. లేబుల్ మీది డెనియర్ అంటే 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. అడుగుకు 500 నుంచి 1,000 డెనియర్ నైలాన్ ఉండాలి, పైభాగానికి 200 నుంచి 400 చాలు. అంతటా 1,000 ఉంటే ఖాళీ బ్యాగే బరువవుతుంది.

పట్టీ జారిపోతోంది

బకిల్ పళ్లు అరిగాయి, లేదా నవారు నున్నబడింది. ముందు బకిల్ మార్చండి. పట్టీ వెడల్పు కొలిచి, 20 లేదా 25 మిల్లీమీటర్లదో సరిచూసి తెచ్చుకోండి.

మంచులో మాత్రమే వచ్చే తిప్పలు

బ్యాగు పక్కన కోసినట్టు చిరిగితే అది స్కీల ఉక్కు అంచుల పని. స్కీలు తగిలించే కింది లూపులు, వాటి చుట్టూ గుడ్డ రబ్బరులాంటి మందపాటి పదార్థంతో ఉన్నాయో లేదో తడిమి చూడండి. మోసేటప్పుడు రెండు స్కీల కొనల్నీ పైన కలిపి కట్టేస్తే ఊగి కొయ్యవు.

వీపు తడుస్తోందంటే జాలీ వీపు కారణం. ఎండలో గాలాడే ఆ జాలీలోనే మంచు ఇరుక్కుని కరుగుతుంది. మంచుకు నున్నటి వీపున్న బ్యాగే కావాలి. నల్లమలకూ గుల్మార్గ్‌కూ ఒకే బ్యాగు చాలదని చెప్పేది అందుకే.

బ్యాగులోని నీళ్ల సంచి నుంచి తాగే గొట్టం గడ్డకడితే, ఇకపై తాగాక గొట్టంలోకి ఊది నీళ్లను సంచిలోకి వెనక్కి పంపండి. గొట్టం కన్నా సీసా ఇంకా నయం.

రిసార్ట్ వాలులకే అయితే 15 నుంచి 20 లీటర్లు చాలు. చెయిర్‌లిఫ్ట్ ఎక్కేముందు బ్యాగు తీసి ఒడిలో పెట్టుకోండి. వేలాడే పట్టీ కుర్చీకి చిక్కుకుంటే దిగేచోట మనిషినే ఈడ్చుకుపోతుంది. రిసార్ట్ హద్దు దాటి వెళ్లేవాళ్లకు 30 నుంచి 35 లీటర్లు, పారకూ, మంచులో గుచ్చి మనిషిని వెతికే ప్రోబ్ కడ్డీకీ విడిగా తెరుచుకునే అర కావాలి. కొండ మీంచి జారిపడే మంచు కింద చిక్కినవాళ్లను వెతికే ట్రాన్సీవర్‌ను మాత్రం బ్యాగులో పెట్టకండి, ఒంటికే కట్టుకోవాలి. మంచు తోసినప్పుడు బ్యాగు ఊడిపోవచ్చు.