ఆఫీసు మెయిల్‌లో స్పామ్ ఫిల్టర్: వాడేవారికి అర్థమయ్యేలా అమర్చడం ఎలా

సొంత మెయిల్ సర్వర్ నడుపుకొనే చిన్న ఆఫీసుల్లో, కళాశాలల్లో స్పామ్‌ను ఆపే పనిని సాధారణంగా స్పామ్‌అసాసిన్ గానీ ఆర్‌స్పామ్‌డీ గానీ చేస్తుంది. రెండూ ఉచితంగా దొరికేవే, రెండూ నమ్మదగినవే. అయితే అవి సర్వర్ నిర్వాహకుల కోసం తయారైనవి కనుక, గుమస్తాకు, అకౌంటెంటుకు, ప్రిన్సిపాల్‌కు కనిపించే భాగాన్ని తీర్చిదిద్దే బాధ్యత నిర్వాహకులైన మీ మీదే పడుతుంది. స్పామ్ ఒకటి ఇన్‌బాక్స్‌లోకి వస్తే మనిషి చూసి తీసేసుకుంటాడు. టెండరు పిలుపో, పరీక్ష రుసుము రసీదో స్పామ్‌లోకి పోతే మాత్రం, అది వచ్చిందన్న సంగతే అతనికి తెలియదు. అందువల్ల తప్పిపోయిన ఉత్తరాన్ని తిరిగి తెచ్చుకోవడం ఎంత సులువు అన్నదాన్నే కొలతగా పెట్టుకొని మిగతా అమరికలన్నీ నిర్ణయించుకోవాలి.

స్పామ్‌అసాసిన్ ప్రతి మెయిల్‌ను అనేక నియమాలతో పరీక్షించి, ఒక్కో నియమానికి కొన్ని మార్కులు కలుపుతూ లేదా తీసివేస్తూ పోతుంది. మొత్తం 5కు చేరితే స్పామ్ అని ముద్ర వేస్తుంది. ఈ హద్దును మార్చే అవకాశాన్ని వాడేవారి తెర మీద పెట్టకండి. ఎవరో ఒకరు స్పామ్ ఎక్కువగా వస్తోందని ఫిర్యాదు చేశారని మీరు కూడా దాన్ని 3కు దించకండి, ఎందుకంటే ఆ తేడాకు బలయ్యేవి ఎక్కువగా మంచి మెయిళ్లే.

వాడేవారికి అంకె అక్కరలేదు గానీ కారణం కావాలి. మెయిల్ హెడర్‌లో, అంటే మెయిల్‌తో పాటు వచ్చే సాంకేతిక వివరాల్లో, 'బేయస్_99, మైమ్_హెచ్‌టీఎమ్ఎల్_ఓన్లీ, ఎస్పీఎఫ్_ఫెయిల్' అని ఉండే వరుసను చూసి అకౌంటెంటు ఏమీ తెలుసుకోలేరు. మీ వెబ్‌మెయిల్‌లో ఆ నియమాల పేర్లకు బదులు తెలుగు వాక్యాలు కనిపించేలా ఒక చిన్న పట్టిక తయారుచేసుకోండి. మొదటిదానికి 'ఇందులోని మాటలు ఇంతకుముందు మీరు స్పామ్ అని గుర్తించిన మెయిళ్లను పోలి ఉన్నాయి' అనీ, చివరిదానికి 'ఈ చిరునామా పేరుతో మెయిల్ పంపే అనుమతి దీన్ని పంపిన సర్వర్‌కు లేదు' అనీ రాయవచ్చు. నియమాలన్నింటికీ వాక్యాలు రాయనక్కరలేదు. మీ సర్వర్‌లో తరచుగా తగిలే కొద్దింటికి రాస్తే చాలు, మిగిలినవాటికి ఒకే సాధారణ వాక్యం సరిపోతుంది.

ఏ మెయిల్‌నూ చడీచప్పుడు లేకుండా పారేయకండి. మార్కులు మరీ ఎక్కువగా ఉన్నవాటిని అవతలి సర్వర్‌తో మాట జరుగుతుండగానే తిరస్కరించాలి. ఆర్‌స్పామ్‌డీలో ఇందుకు ముందే పెట్టి ఉంచిన హద్దు 15. అప్పుడు పంపినవారు నిజమైన మనిషే అయితే, మెయిల్ చేరలేదన్న కబురు వారి సర్వరే వారికి చెబుతుంది, వారు ఫోన్ చేసైనా విషయం తెలియజేస్తారు. ఒకసారి స్వీకరించాక తిప్పి పంపే పద్ధతి మాత్రం వద్దు, ఎందుకంటే స్పామ్‌లో పంపినవారి చిరునామా చాలాసార్లు దొంగదే కాబట్టి ఆ తిరుగుటపా సంబంధం లేని మనిషి నెత్తిన పడుతుంది. మధ్యస్థంగా ఉన్నవన్నీ స్పామ్ ఫోల్డర్‌లోకి వెళ్లాలి, ఆ ఫోల్డర్ కూడా ఒక్కటే ఉండాలి. ఫోన్ యాప్ ఒక పేరుతో, అవుట్‌లుక్ మరో పేరుతో వేర్వేరు ఫోల్డర్లు సృష్టించుకుంటే, ఎక్కడ వెతకాలో ఎవరికీ తోచదు. మెయిళ్లను సర్వర్ మీదే ఉంచి చూసుకునే పద్ధతి అయిన ఐమ్యాప్‌లో ఒక ఫోల్డర్‌ను జంక్ (స్పామ్) ఫోల్డర్‌గా గుర్తించి చెప్పే ఏర్పాటు 2011 నుంచి ప్రమాణంగా ఉంది. దాన్ని సర్వర్‌లో అమర్చితే చాలా యాప్‌లు ఆ ఒక్క ఫోల్డర్‌నే వాడుకుంటాయి.

ఫిల్టర్‌కు నేర్పే పని ఇంతకన్నా శ్రద్ధ కోరుతుంది. మెయిల్‌ను స్పామ్ ఫోల్డర్‌లోకి జరిపితే 'ఇది స్పామ్' అనీ, అక్కడి నుంచి బయటకు జరిపితే 'ఇది కాదు' అనీ ఫిల్టర్ తనంతట తానే నేర్చుకోవాలి. మెయిల్ పెట్టెలను నడిపే డవ్‌కాట్ ప్రోగ్రాములోని ఐమ్యాప్‌సీవ్ అనే భాగం, మెయిల్ జరిపినప్పుడల్లా మీరు రాసిన స్క్రిప్టును నడిపేది, సరిగ్గా ఇందుకే ఉంది. వాడేవారు కొత్తగా నేర్చుకోవలసిందేమీ ఉండదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని తప్పక చూసుకోండి. స్పామ్ ఫోల్డర్‌ను శుభ్రం చేస్తూ మెయిళ్లను ట్రాష్‌లోకి పంపినప్పుడు, అవి కూడా స్పామ్ ఫోల్డర్ నుంచి బయటకు వెళ్లినట్టే లెక్క. జరిపిన చోటు ట్రాష్ అయితే నేర్చుకోవద్దన్న షరతు స్క్రిప్టులో రాయకపోతే, శుభ్రంగా ఉండే ఉద్యోగి ఎంత ఊడ్చితే ఫిల్టర్ అంత చెడిపోతుంది.

మరొకటి, స్పామ్‌అసాసిన్‌లో పాత మెయిళ్ల మాటలను బట్టి నేర్చుకునే బేయస్ పద్ధతి 200 స్పామ్ మెయిళ్లూ 200 మంచి మెయిళ్లూ నేర్చుకున్నాకే మార్కులు వేయడం మొదలుపెడుతుంది. కొత్తగా పెట్టిన సర్వర్‌లో ఉద్యోగులు రోజూ మెయిళ్లు జరుపుతున్నా మార్పు కనిపించకపోతే, ఇది పనిచేయదని వారం తిరగకుండానే వదిలేస్తారు. అందుకని ఉద్యోగుల సమ్మతితో ఆఫీసు పాత మెయిళ్లలోంచి కొన్ని ఎంచి ముందుగా మీరే నేర్పి పెట్టండి. వాటిలో తెలుగు ఉత్తరాలూ, ఇంగ్లిషు లిపిలో రాసిన తెలుగు ఉత్తరాలూ తగినన్ని ఉండాలి. మాటలను బట్టి పట్టుకునే నియమాల్లో ఎక్కువ భాగం ఇంగ్లిషు మాటల మీదే రాసినవి కనుక, తెలుగులో వచ్చే లాటరీ మోసాన్ని గుర్తించడానికైనా, సహకార సంఘం సమావేశ నోటీసును వదిలిపెట్టడానికైనా ఈ నేర్పుడే ప్రధానమైన ఆధారం.

చాలామంది తాము ఒకప్పుడు అడిగి తెప్పించుకున్న ప్రకటనల మెయిళ్లను కూడా స్పామ్ అని నొక్కుతారు. తప్పు వారిది కాదు, మరో బటన్ వారికి కనిపించకపోవడమే కారణం. నేర్చుకున్న సమాచారం ఆఫీసంతటికీ ఉమ్మడిగా ఉంటే, ఒకరు వద్దనుకున్న రైలు టికెట్ల ప్రకటన వల్ల ఇంకొకరి టికెట్టే స్పామ్‌లోకి పోవచ్చు. అందువల్ల 'ఇది స్పామ్' పక్కనే 'ఇకపై పంపవద్దు' అన్న బటన్ పెట్టండి. ఒక్క నొక్కుతో చందా రద్దు చేసే ప్రమాణం 2017లో వచ్చింది, 2024 నుంచి జీమెయిల్, యాహూ పెద్దఎత్తున మెయిళ్లు పంపేవారికి దాన్ని తప్పనిసరి చేశాయి. డీకిమ్ సంతకం (పంపిన డొమైన్ మెయిల్ మీద వేసే డిజిటల్ ముద్ర) సరిపోయిన మెయిళ్లకే ఈ బటన్ చూపండి, ఎందుకంటే అసలైన స్పామర్‌కు రద్దు కోరడమంటే ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని చెప్పడమే.

పాప్3 పద్ధతిలో మెయిల్ దించుకునేవారికి సర్వర్ మీద ఉన్న స్పామ్ ఫోల్డర్ అసలు కనిపించదు. పాత కంప్యూటర్లున్న ఆఫీసుల్లో ఇలాంటివారు ఇంకా ఉంటారు. వీలైతే వారిని ఐమ్యాప్‌కు మార్చండి, కాకపోతే రోజూ ఒకే సమయానికి స్పామ్ జాబితాను మెయిల్‌గా పంపండి. పంపినవారి పేరు, విషయం, వచ్చిన సమయం, 'ఇన్‌బాక్స్‌కు పంపు' అనే లింకు, ఇవి చాలు. ఆ జాబితా ఎప్పుడూ పాస్‌వర్డ్ అడగదని ముందే అందరికీ చెప్పి ఉంచండి, ఎందుకంటే ఇలాంటి నోటీసులను అనుకరించే దొంగ మెయిళ్లు బాగా చలామణిలో ఉన్నాయి. లింకు తెరవగానే మెయిల్ విడుదల కాకుండా, తెరిచిన పేజీలో ఒక బటన్ నొక్కితేనే జరిగేలా చూడండి. లేకపోతే లింకులను ముందుగా తెరిచి పరీక్షించే యాంటీవైరస్ ప్రోగ్రాములే స్పామ్ మొత్తాన్ని విడుదల చేసేస్తాయి.

నమ్మకమైన చిరునామాల జాబితాను విడిగా నింపమని ఎవరినీ అడగనక్కరలేదు. తాము మెయిల్ పంపినవారినీ, అడ్రస్ బుక్‌లో ఉన్నవారినీ దానంతటదే చేర్చుకునేలా అమర్చండి. ఎస్పీఎఫ్ (పంపిన సర్వర్‌కు అనుమతి ఉందా అని చూసే పరీక్ష) గానీ డీకిమ్ గానీ సరిపోయినప్పుడే ఆ మినహాయింపు వర్తించాలి. సొంత డొమైన్‌ను ఎటువంటి షరతూ లేకుండా ఈ జాబితాలో చేర్చే అలవాటు చాలామంది నిర్వాహకుల్లో ఉంది. ప్రిన్సిపాల్ పేరుతో డబ్బు అడిగే దొంగ మెయిల్‌కు అది నేరుగా తలుపు తీస్తుంది.

గ్రేలిస్టింగ్ వాడుతుంటే, అది తెలియని సర్వర్ నుంచి వచ్చిన మెయిల్‌ను తాత్కాలికంగా నిరాకరించి, ఆ సర్వర్ మళ్లీ ప్రయత్నించాకే తీసుకుంటుందని గుర్తుంచుకోండి. ఈ ఆలస్యంలో బ్యాంకు ఓటీపీ గడువు దాటిపోవచ్చు. కనుక అనుమానం ఉన్న మెయిళ్లకే దాన్ని పరిమితం చేయండి.

అంతా అయ్యాక ఉద్యోగుల్లో ఒకరిని కూర్చోబెట్టి, నిన్న రావలసిన బిల్లు కనబడటం లేదని, వెతకమని చెప్పండి. ఆ బిల్లును ముందుగానే స్పామ్ ఫోల్డర్‌లో సర్వర్ వైపు నుంచి పెట్టి ఉంచాలి, మెయిల్ యాప్‌లో జరిపితే ఫిల్టర్ దాన్ని స్పామ్‌గా నేర్చుకుంటుంది. వారు వెతుకుతున్నంతసేపూ మీరు ఏమీ చెప్పకండి. ఏ ఫోల్డర్‌ను ముందు తెరిచారో, ఎక్కడ ఆగారో, 'ఇది స్పామ్ కాదు' అన్న బటన్ కంటపడిందో లేదో రాసుకొని, వారు ఆగిన చోటును ముందుగా సరిచేసి, మరొకరిని పిలిచి మళ్లీ వెతకమనండి.