జిమ్నీ వెనక లేపారా? లాటరల్ రాడ్డు కొలత చూసుకోండి

మారుతి సుజుకి జిమ్నీ బండికి స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మార్చి రెండు ఇంచులు లేపేస్తే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కాలేదు. దీని వెనక యాక్సిల్ ఇటు చక్రం నుంచి అటు చక్రం దాకా ఒకటే ముక్క, అది పక్కకి జరగకుండా పట్టుకునేది అడ్డంగా ఉండే లాటరల్ రాడ్డు. దాని ఒక కొస ఛాసిస్‌కి (బండి కింది ఇనుప చట్రానికి), ఇంకో కొస యాక్సిల్‌కి. బండి పైకి లేస్తే రాడ్డు వాలు పెరుగుతుంది, పొడవేమో అంతే ఉంటుంది, కాబట్టి ఛాసిస్ కొస ఏ పక్కనుంటే యాక్సిల్ ఆ పక్కకి లాక్కుపోతుంది. అందుకే పొడవు మార్చుకునే రాడ్డు కావాలి.

ముందు కొలవండి. బండిని సమంగా ఉన్న గచ్చు మీద పెట్టి, మేస్త్రీలు గోడ తిన్నగా ఉందో లేదో చూసే గుండుదారం వెనక ఫెండర్ (చక్రం పైనుండే మడ్‌గార్డ్ రేకు) అంచు నుంచి వేలాడదీసి, దారానికీ టైరుకీ మధ్య ఎంతుందో రెండు పక్కలా రాసుకోండి. నా బండికి ఒక పక్క 14 మిల్లీమీటర్లు, ఇంకో పక్క 30 వచ్చింది. తేడా 16 కదా అని రాడ్డుని 16 పెంచకండి, యాక్సిల్ జరిగింది అందులో సగమే, 8.

రాడ్డు మార్చడానికి జాకీ అక్కర్లేదు, బండి నేల మీదే ఉండాలి. నాలుగు టైర్లకీ రాళ్ళు అడ్డం పెట్టండి. స్ప్రింగులు మార్చేటప్పుడైతే ఇంకా జాగ్రత్త: వెనక చక్రాలు గాల్లోకి లేచాక హ్యాండ్‌బ్రేక్ బండిని ఆపలేదు, అది పట్టేది ఆ చక్రాలనే.

పాత రాడ్డు విప్పి, కొత్తదాన్ని పక్కన పెట్టి ముందు రెండూ ఒకే పొడవు చేయండి, ఆ తర్వాత లెక్క ప్రకారం పెంచండి. మర మరీ బయటికి వచ్చేస్తే పట్టు తగ్గిపోతుంది, తయారీదారు చెప్పిన హద్దు దాటొద్దు. ఎక్కించేటప్పుడు ఆఖరి బోల్టు రంధ్రంలోకి రాదు, ఒకరు బాడీని పక్కనుంచి మెల్లగా నెడితే దానంతటదే దిగుతుంది, సుత్తితో కొట్టొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. నేను మొదట చేయించిన షెడ్డులో బండిని జాకీ మీద ఉండగానే రాడ్డు బోల్టులు గట్టిగా బిగించేశారు. రాడ్డు కొసలో ఉండే రబ్బరు బుష్షు ఆ వేలాడే కోణంలోనే పట్టుకుపోయి, బండి దిగాక మెలిపడి, కొన్ని నెలలకే అంచున చిరిగింది, ప్రతి గుంతకీ వెనక టక్ టక్. బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు, ఎంత బలంతో బిగించామో చూపించే టార్క్ రెంచ్‌తో. రాడ్డు పొడవు మారకుండా పట్టుకునే చెక్ నట్టు బిగించేటప్పుడు రెండు పానాలు పెట్టండి, లేకపోతే రాడ్డు కొస కూడా తిరిగి మెలిపడుతుంది. నట్టు మీదుగా రాడ్డు దాకా పెయింటుతో ఒక గీత గీయండి.

షాక్ అబ్జార్బర్లకి గట్టిదనం మార్చుకునే క్లిక్కులుంటే మధ్యలో మొదలుపెట్టండి, రెండు పక్కలా ఒకే లెక్క. స్పీడ్ బ్రేకర్ దాటాక వెనక రెండు మూడుసార్లు ఊగితే ఒక క్లిక్కు గట్టి చేయండి, ఎగిరి తన్నినట్టుంటే తగ్గించండి. బ్రేకు పైపు కూడా, యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బిగుసుకుపోతోందేమో చూడండి.

రెండు ఇంచులకి మించి లేపడం నాకు నచ్చదు. పొడవు సరిచేసినా రాడ్డు వాలు అలాగే ఉంటుంది, గుంత పడినప్పుడల్లా వెనక పక్కకి జరుగుతుంది, భాకరాపేట ఘాట్‌లో మలుపు మధ్యలో అలా జరిగితే గుండె జారుతుంది. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పుల గురించే, పార్టులు కొనకముందే ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర అడగండి.

అంతా అయ్యాక తిరుపతి నుంచి చిత్తూరు దాకా ఒకసారి పోయి రండి. ఇంటికొచ్చాక కింద దూరి టార్చి వేసి ఆ పెయింటు గీత చూడండి. గీత విరిగి పక్కకి తప్పుకుని ఉంటే నట్టు కదిలినట్టే, మళ్ళీ గుండుదారం తీసి కొలిచి బిగించండి.