పాత బోటు కొంటున్నారా? బేరానికి ముందు దాని మీదున్న స్టిక్కర్లు చదవండి

అమెరికాలో ఏదో ఒక లేక్ పక్కన కాపురం ఉండే మనవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు బోటు పిచ్చి పడుతుంది. మా బావమరిదికి పోయిన ఏడాది పట్టింది. 18 అడుగుల అవుట్‌బోర్డ్ బోటు (మోటారు బయట, వెనక తగిలించే రకం), సెకండ్ హ్యాండ్. ఇంజన్ స్టార్ట్ చేసి చూశాడు, సీట్లు చిరిగాయేమో చూశాడు, ట్రైలర్ టైర్లు కాలితో తన్ని మరీ చూశాడు. స్టీరింగ్ పక్కన ఎండకి వెలిసిపోయిన అరచేతంత స్టిక్కర్‌ని మాత్రం చూడలేదు. జులై ఫోర్త్‌కి మూడు రోజుల ముందు ఫోన్ చేసి, "బావా, తొమ్మిది మందిమి పడతాం కదా, సీట్లు ఉన్నాయిగా" అన్నాడు. సీట్లు ఎన్నున్నాయన్నది కాదు లెక్క, ఆ స్టిక్కర్ మీద ఏముందో ఫొటో తీసి పంపు అన్నాను.

దాన్నే కెపాసిటీ ప్లేట్ అంటారు. 1972 నవంబర్ 1 నుంచి అమలైన కోస్ట్ గార్డ్ రూల్ ప్రకారం, 20 అడుగుల లోపు ఉన్న, ఒకటే హల్ (నీళ్ల మీద తేలే డొప్ప) ఉన్న మోటారు బోట్లకి తయారీదారు ఇది అతికించి తీరాలి, అదీ బోటు నడిపేవాడికి బయల్దేరేటప్పుడు కళ్లకి ఎదురుగా కనిపించే చోట. తెరచాప పడవలు, కనూలు, కయాక్‌లు, గాలి నింపే బోట్లకి ఈ రూల్ లేదు. పాంటూన్‌లకి (గొట్టాల మీద తేలే బల్లలాంటి బోట్లు) కూడా లేదు, ఎందుకంటే అవి ఒకటే హల్ మీద తేలేవి కావు, అయినా చాలా కంపెనీలు వాటికీ తమంతట తామే ప్లేట్ పెడతాయి.

మావాడు పంపిన ఫొటోలో మూడు లైన్లు ఉన్నాయి. 7 మంది లేదా 1,000 పౌండ్లు. దాని కింద మనుషులు, మోటారు, సామాను అన్నీ కలిపి 1,450 పౌండ్లు. ఆ కింద మోటారు 115 హెచ్‌పీ దాటకూడదని. చాలామంది మొదటి లైన్లో 7 అనే అంకె చూసి ఆగిపోతారు. అసలు సంగతి దాని పక్కనున్న పౌండ్లలో ఉంది. ఆ 7 ఎలా వచ్చిందంటే, పౌండ్ల లెక్కకి 32 కలిపి 141తో భాగించి దగ్గరి పూర్ణాంకానికి సరిచేస్తారు. 1,032ని 141తో భాగిస్తే ఏడుకి కాస్త పైన, అందుకని 7. అంటే తలకి దాదాపు 143 పౌండ్లు, మన లెక్కలో 65 కిలోలు. మన గ్యాంగ్‌లో 65 కిలోలున్న మగాడు ఎవడో మీరే చెప్పండి!

కాబట్టి తలలు లెక్కపెట్టాక బరువు కూడా వేసుకోండి, రెండిట్లో ఏది ముందు నిండితే అక్కడితో ఆపాలి. మాది ఆరుగురు పెద్దవాళ్లు, ముగ్గురు పిల్లలు. పెద్దవాళ్లం తలా 165 పౌండ్లు అనుకున్నా 990 అయిపోయింది, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం అనే మాట ఇక్కడ చెల్లదు, ఒళ్లో ఉన్నా వాళ్ల బరువు బోటు మీదే ఉంటుంది. రెండో లైన్ ఇంకా గట్టిది: ఆ సైజు మోటారు దగ్గర దగ్గర 360 పౌండ్లు తూగుతుంది, 990తో కలిపితే 1,350. మిగిలింది వంద పౌండ్లు. అందులోనే లంగరు, ఐసుతో నిండిన కూలర్, మా అక్క కట్టే బిర్యానీ ట్రే, ఐదు గ్యాలన్ల మంచినీళ్ల క్యాన్ (అదొక్కటే 40 పౌండ్ల పైన) అన్నీ పట్టాలి. చివరికి రెండు ట్రిప్పులు వేశాం. ఇన్‌బోర్డ్ లేదా స్టర్న్‌డ్రైవ్ బోటు (ఇంజన్ బోటు లోపలే బిగించిన రకాలు) అయితే రెండో లైన్లో మోటారు మాట ఉండదు, దాని బరువు తయారీదారు ముందే తీసేసి ఉంటాడు, మీరు మనుషులూ సామానూ చూసుకుంటే చాలు.

హెచ్‌పీ లైన్ అవుట్‌బోర్డ్‌లకే. పాత ఓనర్ పెద్ద మోటారు తగిలించాడేమో ఇంజన్ కవర్ మీది అంకెతో పోల్చి చూడండి. ప్లేట్ దాటి నడపడాన్ని చాలా రాష్ట్రాలు నేరంగానే చూస్తాయి, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర కూడా పేచీ వస్తుంది. ఇంకోటి, ఈ అంకెలన్నీ నీళ్లు ప్రశాంతంగా ఉన్న రోజుకి. గాలి లేస్తే ఏడుగురు కూడా ఎక్కువే. పాపికొండలు బోటు ఎక్కితే మనం టికెట్ కొన్న ప్యాసింజర్లం, ఇక్కడ మన బోటుకి మనమే సరంగులం, ర్యాంప్ (బోటుని నీళ్లలోకి దింపే వాలు) దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టేవాడు ఉండడు. మా అమ్మ అయితే మేం బోటు అన్నప్పుడల్లా 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన బోటు ప్రమాదం గుర్తుచేసి గానీ ఫోన్ పెట్టదు.

ప్లేట్ ఊడిపోయి ఉంటే? కోస్ట్ గార్డ్ కొత్తది ఇవ్వదు, తయారీదారుని అడగాలి. అది వచ్చేదాకా చిన్న బోట్లకి ఒక మోటు లెక్క ఉంది: పొడవు, వెడల్పు అడుగుల్లో గుణించి 15తో భాగించడం. 16 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు అయితే 96, అంటే ఆరుగురు. ఇది అంచనా మాత్రమే, ప్లేట్‌కి బదులు కాదు.

ప్లేట్ చదవడం అయ్యాక బోటు వెనక్కి వెళ్లండి. ట్రాన్సమ్ అంటారు, మోటారు తగిలించే నిలువు గోడ. దాని కుడివైపు పైభాగంలో 12 అక్షరాల నంబరు ఉంటుంది, హిన్ అంటారు, కారుకి విన్ ఎలాగో బోటుకి ఇది అలాగ. మొదటి మూడు అక్షరాలు తయారీదారు కోడ్, తర్వాతి ఐదు సీరియల్. చివరి నాలుగే మనకి పనికొచ్చేవి. ఉదాహరణకి అవి "డి607" అనుకోండి: డి అంటే తయారైన నెల ఏప్రిల్ (ఏ జనవరి, బీ ఫిబ్రవరి, అలా), 6 అంటే తయారైన ఏడాది 2006, 07 అంటే 2007 మోడల్. అమ్మేవాడు 2010 మోడల్ అంటే అక్కడే దొరికిపోతాడు. 1984 ఆగస్టు తర్వాతి బోట్లకి ఇదే నంబరు ఇంకోచోట, బయటికి కనిపించకుండా కూడా వేసి ఉంటుంది. పైకి కనిపించేది గీరినట్టో, మళ్లీ అతికించినట్టో ఉంటే, టైటిల్ (యాజమాన్య) కాగితంతో ఒక్క అక్షరం కలవకపోయినా, ఆ బోటు వదిలేయండి. ఎంత చవకైనా సరే.

వెనకే ఉన్నారు కాబట్టి స్విమ్ ప్లాట్‌ఫామ్ (ఈతకి దిగే వెనక బల్ల) దగ్గర కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక ఉందో లేదో చూడండి. కాలిఫోర్నియాలో అయితే మోటారు బోటు అమ్మేటప్పుడు ఇది ఉండాలని రాష్ట్ర చట్టమే ఉంది. స్టిక్కర్ ఉన్నా లేకపోయినా, ఇంజన్ ఆన్‌లో ఉండగా పిల్లల్ని ప్లాట్‌ఫామ్ మీద కూర్చోనివ్వకండి, పట్టుకుని వేలాడనివ్వకండి. ఆ గ్యాస్‌కి వాసన ఉండదు, స్పృహ తప్పి నీళ్లలోకి జారిపోతే ఎవరూ గమనించరు కూడా. 26 అడుగులు, అంతకు పైన ఉన్న బోటైతే నూనె పారబోయకూడదని ఒకటి, చెత్త వేయకూడదని ఒకటి బోర్డులు ఉండాలి, చిన్న బోటు వాళ్లకి ఆ బాధ లేదు.

పాత ఓనర్ ఫ్రీగా ఇచ్చే లైఫ్ జాకెట్లు చూసి మురిసిపోకండి. లోపలి వైపు లేబుల్ మీద కోస్ట్ గార్డ్ అప్రూవల్ నంబరు, ఎంత బరువు వాళ్లకో రాసి ఉంటుంది. పిల్లల జాకెట్ 30 నుంచి 50 పౌండ్లకి, యూత్ 50 నుంచి 90కి. లేబుల్ చెరిగిపోతే అది లెక్కలోకి రాదు. కాస్త పెద్దది కొంటే రెండేళ్లు వస్తుందిలే అని స్కూల్ యూనిఫాం కొన్నట్టు కొనకండి, నీళ్లలో పడగానే జాకెట్ పైకి, పిల్లాడు కిందకి పోతాడు.

ఆఖరున ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ తీసి తిరగేయండి. అడుగునో పక్కనో తయారైన సంవత్సరం అచ్చు గుద్ది ఉంటుంది. 2022 ఏప్రిల్ 20 నుంచి వచ్చిన రూల్ ప్రకారం, మళ్లీ నింపుకోలేని రకమైతే ఆ సంవత్సరం నుంచి 12 ఏళ్లే దాని ఆయుష్షు, ముల్లు పచ్చగీతలో ఉన్నా సరే. 2018, ఆ తర్వాతి మోడల్ బోటుకి లేబుల్ మీద 5-బి (మంటలార్పే సామర్థ్యం గ్రేడు) అని ఉండాలి, పాత బి-1 రకం చెల్లదు. మావాడి బోటులో ఉన్నదాని అడుగున 09 అని ఉంది. ర్యాంప్‌కి వెళ్లే దారిలో కొత్తది కొన్నాం.