ఫోన్‌కి రంగులు తీసేయండి

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మనవాళ్ళకి ఒక మాట. క్యాబ్ ఆగిన ప్రతి సిగ్నల్ దగ్గరా చెయ్యి ఫోన్ మీదికే పోతుంటే, యాప్‌లు తీసేసే ముందు రంగులు తీసేసి చూడండి.

ఐఫోన్‌లో సెట్టింగ్స్, యాక్సెసబిలిటీ, డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్, కలర్ ఫిల్టర్స్‌లోకి వెళ్ళి గ్రేస్కేల్ ఎంచుకోవాలి. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్‌లోని బెడ్‌టైమ్ మోడ్‌లో ఉంటుంది. ఫోన్‌ని బట్టి పేర్లు కాస్త మారతాయి. ఎర్రగా పిలిచే నోటిఫికేషన్ చుక్క బూడిద రంగులోకి పోతుంది. రీల్స్ ఉప్పులేని పప్పులా చప్పబడిపోతాయి. మెసేజ్‌లు చదవడానికి, యూపీఐ చెల్లింపులకి మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు.

ఒక్క చిక్కుంది, ఈ ఊళ్ళో అది చిన్నదేం కాదు. మ్యాప్‌లో ట్రాఫిక్ ఎరుపా ఆకుపచ్చా తెలియదు, మెట్రో పటంలో పర్పుల్ లైన్, గ్రీన్ లైన్ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఐఫోన్‌లో యాక్సెసబిలిటీ షార్ట్‌కట్‌కి కలర్ ఫిల్టర్స్ పెట్టుకోండి. పక్క బటన్ మూడుసార్లు నొక్కితే రంగులు వస్తాయి, మళ్ళీ నొక్కితే పోతాయి. పని అవగానే తీసేయడం మరవొద్దు, అసలు ఫలితమంతా అక్కడే ఉంది.

రాత్రి ఫోన్ హాల్లోనే ఛార్జింగ్‌కి పెట్టండి. పొద్దున లేవడానికి మామూలు అలారం గడియారం చాలు. ఊళ్ళో అమ్మానాన్నల ఫోన్ వస్తే వినపడదేమోనన్న బెంగ ఉంటే, రింగ్ గట్టిగా పెట్టి పడగ్గది తలుపు కాస్త తెరిచి ఉంచండి.