దసరాకు నారు, రథసప్తమికి చిక్కుడు

హైదరాబాద్‌లో చలి ముదిరితే తెల్లవారుజామున మామూలుగా 10, 12 డిగ్రీలకు దిగుతుంది, మధ్యాహ్నానికి మళ్లీ 28కి ఎక్కుతుంది. ఈ చలికి చచ్చిపోయిన మొక్కను మా మిద్దె మీది కూరగాయల తోటలో పదేళ్లలో నేను చూడలేదు. మా వారు సాయంత్రం పూట పైపు పట్టుకోవడం వల్ల చచ్చిపోయినవి మాత్రం లెక్కలేనన్ని.

అందుకే ముందు నీళ్ల సంగతి. ఎండాకాలమంతా రెండు పూటలా పోసి అలవాటైన చెయ్యి కార్తీకం వచ్చినా ఊరుకోదు. చూపుడు వేలిని రెండు కణుపుల దాకా మట్టిలోకి దించి చూడండి. తడి తగిలితే చెంబు కింద పెట్టేయండి. మా పెద్ద తొట్లలోని వంగకు, టమాటాకు డిసెంబరులో రెండు మూడు రోజులకు ఒకసారి సరిపోతుంది. మెంతికూర, పాలకూర వేసిన ట్రేలకు లోతు తక్కువ కాబట్టి వాటికి రోజూ కొంచెం చిలకరించాలి. పోసేది పొద్దున, మొక్క మొదలు దగ్గర. సాయంత్రం ఆకులు తడిపితే రాత్రి మంచు కూడా తోడై తెల్లారేదాకా ఆరవు. ఆకుమచ్చ తెగులు మొదలయ్యేది అక్కడే. నారు ట్రేలయితే మరీ సున్నితం: తడి ఎక్కువైతే కాడ మొదలు కుళ్లి, పొద్దున చూసేసరికి మొలకలన్నీ పడుకుని ఉంటాయి. వడలిన ఆకు చూడగానే దాహం అనుకుని మా వారు ఇంకో చెంబు పోస్తారు. వేళ్లు కుళ్లినా ఆకు అలాగే వాలుతుందని ఆయనకు ఏటా చెబుతూనే ఉన్నాను.

రెండోది ఎండ. దక్షిణాయనం చివరికి సూర్యుడు బాగా దక్షిణానికి వాలిపోతాడు. మా దక్షిణం పిట్టగోడ మూడడుగులు. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా దాని నీడ రెండున్నర అడుగుల మేర పరుచుకుంటుంది, ఇక పొద్దున, సాయంత్రం సంగతి చెప్పనక్కరలేదు. వేసవిలో ఎండ మాడ్చిన చోటే చలికాలంలో చీకటి మూల. ఈ ముక్క తెలియక రెండేళ్లు అక్కడే టమాటా పెట్టి, ఆకులే తప్ప కాయలు లేవని ఎరువును తిట్టుకున్నాను. ఒక ఆదివారం సుద్దముక్క తీసుకుని తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి నీడ అంచు గీయండి. మూడు గీతలకూ బయట ఉన్న చోటు టమాటా, వంగ, క్యాబేజీలకు. లోపలి చోటు కొత్తిమీర, పాలకూర, పుదీనాలకు.

క్యాలీఫ్లవర్, క్యాబేజీ విత్తనాలు సెప్టెంబరు ఆఖరుకు చల్లుకుంటే దసరా, దీపావళి మధ్య నారు నాటుకోవచ్చు. మన చలి నిడివి తక్కువ, ఆలస్యం చేస్తే పువ్వు కట్టే వేళకు ఎండలు వచ్చిపడతాయి. నారు వయసు 25 నుంచి 30 రోజులు, నాలుగైదు ఆకులు ఉండాలి. ఒక ఏడాది బద్ధకించి ఒక నర్సరీలో కొన్నాను. ఏపుగా ఉన్నాయని మురిసిపోయి తెచ్చినవి నిజానికి ముదిరిపోయిన మొక్కలు. ఒక్కొక్కదానికి నిమ్మకాయంత పువ్వు వచ్చి ఆగిపోయింది. పన్నెండు మొక్కలకు ఒక పూట కూర. పువ్వు కోడిగుడ్డంత అయ్యాక చుట్టూ ఉన్న ఆకులను పైకి మడిచి పురికొసతో వదులుగా కడితే తెల్లగా ఉంటుంది, లేకపోతే ఎండకు పసుపు తిరుగుతుంది. క్యాబేజీ పక్కన ఒక కుండీలో ఆవాలు చల్లండి, ఆకులను తూట్లు పొడిచే పిల్లపురుగుల తల్లి, డైమండ్ బ్యాక్ రెక్కలపురుగు, ముందు దాని మీద వాలుతుంది. పురుగుపట్టిన ఆవ మొక్కను పీకి సంచిలో కట్టి పారేయాలి. అలాగే వదిలేస్తే మనమే పురుగును పెంచినట్టు.

క్యారెట్‌కు నారు పోయకూడదు, అడుగు లోతు తొట్టిలో నేరుగా చల్లాలి. మొలవడానికి పది పదిహేను రోజులు పడుతుంది, అందాకా పైన తడి గోనెపట్టా కప్పి రోజూ ఎత్తి చూస్తూ, మొలక కనిపించిన రోజే తీసేయాలి. పచ్చి పేడ వేస్తే గడ్డలు కాళ్లూ చేతులూ వచ్చినట్టు చీలిపోతాయి. బాగా మాగిన ఎరువే వేయండి. ఒత్తుగా వచ్చిన మొలకలను పీకడానికి మనసొప్పదు గాని, వేలెడు దూరం ఇవ్వకపోతే తోకలే మిగులుతాయి. కొత్తిమీరకైతే ధనియాలను చపాతీ కర్రతో నలిపి రెండు బద్దలు చేసి, రాత్రి నానబెట్టి చల్లండి.

బెండ, కాకర, సొరల జోలికి ఇప్పుడు వెళ్లకండి, చలికి గింజ మొలవడానికే మొరాయిస్తుంది. టమాటా పూత రాలినా కంగారుపడి మందు కొట్టకండి. రాత్రి చలి తగ్గాక పిందె దానంతటదే నిలుస్తుంది.

చిక్కుడు మాత్రం నా బలహీనత. పందిరి చిక్కుడు గింజ ఆషాఢ శ్రావణాల్లోనే పెట్టాలి. పగలు కుదించుకుపోతే గాని నాటు రకం పూయదు. దసరా తర్వాత పెడితే తీగ సాగకముందే పూతకొచ్చి గుప్పెడు కాయలతో సరిపెడుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో పూగుత్తులకు మసి పూసినట్టు పేనుబంక, అంటే రసం పీల్చే చిన్న నల్లపురుగుల గుంపు, పడుతుంది. కాడ మీద చీమల బారు కనిపిస్తే అనుమానించండి. బాగా పట్టిన కొసలు తుంచేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం కుంకుడు రసం కలిపి నాలుగింటికి కొట్టండి. ఎండ తగ్గి ఉంటుంది, చీకటిపడేలోపు ఆకూ ఆరుతుంది. వారానికి మళ్లీ ఒకసారి.

సంక్రాంతికి కలగూర, రథసప్తమికి చిక్కుడుకాయలకు చీపురుపుల్లలు గుచ్చి రథం, చిక్కుడాకుల్లో పరమాన్నం. మా ఇంట్లో ఆ రథానికి కాయలు ఏరే పని మా వారిది. విత్తనానికని నేను ఎర్ర దారం కట్టి వదిలిన కాయలను కూడా కోసేస్తారని, ఇప్పుడు ఆ గుత్తులను ఆయన చెయ్యి అందనంత ఎత్తులో ఎంచుకుంటున్నాను. అవి తీగ మీదే ఎండి గలగలమన్నాక ఒలిచి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, ఎండిన వేపాకు వేసిన గాజు సీసాలో దాచి, మూత మీద సంవత్సరం రాస్తాను.