బెంగళూరులో గ్యాస్ మంట సరిగా ఉందో లేదో ఎలా చూసుకోవాలి?

విజయవాడ నుంచో నెల్లూరు నుంచో మారతహళ్లికి మారిన మనవాళ్ల ఇళ్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది: "ఇక్కడ ఎత్తు కదా, మంట సరిగా రాదు. అందుకే అన్నం లేటవుతోంది." ఎత్తు సంగతి నిజమే. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల పైన ఉంది, గాలి ఒత్తిడి చెన్నైలో కంటే ఇంచుమించు 10 శాతం తక్కువ. కానీ మంట పాడైతే తప్పు ఎత్తుది కాదు. రెగ్యులేటర్‌నీ బర్నర్‌నీ చూడాలి.

ముందు వాసన చూడండి. గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్ కూడా ముట్టుకోవద్దు. రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి, బయటికి వెళ్లి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయండి. వాసన లేకపోతేనే మిగతా పని.

రాత్రిపూట ఫ్యాన్ ఆపి, వంటింట్లో వెలుతురు తగ్గించి, గిన్నె పెట్టకుండా స్టవ్ హైలో వెలిగించండి. ప్రతి రంధ్రం మీదా చిన్న నీలం మొన కనిపించాలి, అది రంధ్రాన్ని అంటిపెట్టుకుని ఉండాలి. జెట్ (స్టవ్‌లోకి గ్యాస్ వచ్చే సన్న రంధ్రం ఉన్న చిన్న ముక్క) నుంచి దూసుకొచ్చే గ్యాస్ దారిలో కొంత గాలిని లాక్కుని, దానితో కలిసి రంధ్రాల దాకా వస్తుంది. కాలడానికి కావలసిన మిగతా గాలి చుట్టుపక్కల నుంచి అందుతుంది. రంధ్రంలోంచి మిశ్రమం పైకి వచ్చే వేగం ఒకటి, మంట ఆ మిశ్రమంలోకి కిందికి పాకే వేగం ఇంకొకటి. రెండూ సరితూగిన చోట మంట నిలుస్తుంది. గాలీ, సిలిండర్ గ్యాస్‌లో ఉండే ప్రొపేనూ సరిపాళ్లలో కలిసినప్పుడు మంట పాకే వేగం సెకనుకు సుమారు 40 సెంటీమీటర్లు. మన బర్నర్‌లో గ్యాస్ పాలు ఎక్కువ కాబట్టి అంతకంటే తక్కువే ఉంటుంది.

ఇప్పుడు నాబ్‌ను మెల్లగా సిమ్ వైపు తిప్పండి. నిజానికి మీరు జెట్ దగ్గరి ఒత్తిడిని తగ్గిస్తున్నారు. ఒత్తిడి నాలుగో వంతుకు పడితే గ్యాస్ సగానికి తగ్గుతుంది. మొనలు పొట్టివవుతాయి కానీ ఆరిపోకూడదు, మాయం కాకూడదు. 'టప్' మని చప్పుడై, మంట పైన కనబడక బర్నర్ లోపల బుసకొడుతుంటే, మిశ్రమం మరీ నెమ్మదించి మంట రంధ్రంలోంచి లోపలికి దిగిందన్న మాట. వెంటనే ఆపేసి, చల్లారాక చూడండి.

ఇలా దిగకుండా ఆపేది రంధ్రం సన్నదనమే. ఇరుకు దారిలో లోహం వేడి లాగేసుకుంటే మంట బతకదు. 1815లో హంఫ్రీ డేవీ గని కార్మికుల దీపానికి సన్నటి వైరు జాలీ చుట్టింది ఈ కిటుకుతోనే. అందుకే మూసుకుపోయిన రంధ్రాలను మేకుతో పొడిచి వెడల్పు చేయకండి. సిమ్‌లో మంట లోపలికి పోవడం తరచూ అక్కడే మొదలవుతుంది. మూత కూడా బర్నర్ మీద సరిగా కూర్చోవాలి.

దీనికి వ్యతిరేక సమస్య హైలో కనిపిస్తుంది. మంట రంధ్రాలను వదిలి పైకి లేచి, గట్టిగా శబ్దం చేస్తుంటే గ్యాస్ వేగం మించిపోయింది. ఇంటి రెగ్యులేటర్ సుమారు 30 మిల్లీబార్ ఒత్తిడికే అమర్చి వస్తుంది, దాన్ని మనం మార్చేదేమీ లేదు. మార్చే స్క్రూ ఉన్న హై ప్రెషర్ రెగ్యులేటర్లు హోటళ్ల భట్టీలకోసం. పీజీ వంటగదిలో మిగిలిందని ఇంటి స్టవ్‌కి తగిలించడం మహా ప్రమాదం. సరైన రెగ్యులేటర్ ఉండి కూడా మంట లేస్తుంటే, సిలిండర్ దగ్గర ఆపి డిస్ట్రిబ్యూటర్‌కి చెప్పండి.

పసుపు మంట, గిన్నె అడుగున మసి వస్తే గాలి చాలడం లేదు. జెట్ పక్కన గాలి లోపలికి వెళ్లే రంధ్రం దగ్గర దుమ్ము, సాలెగూడు ఉన్నాయేమో చూడండి. జెట్‌ను సూదితో కెలికి పెద్దది చేస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది, మెకానిక్‌కి వదిలేయండి.

ఇక ఎత్తు లెక్క. రెగ్యులేటర్ బయటి గాలి కంటే ఇంత ఎక్కువ అని ఒత్తిడి ఇస్తుంది, కాబట్టి ఆ 30 మిల్లీబార్ ఇక్కడా 30నే. గాలి పలచన కావడం వల్ల గ్యాస్ కాస్త వేగంగా వస్తుంది. అయితే బయటి ఒత్తిడి తగ్గితే మంట పాకే వేగమూ కొంచెం పెరుగుతుంది. రెండు మార్పులూ చాలావరకు చెల్లిపోతాయి. గాలీ గ్యాస్ పాళ్లు పెద్దగా మారవు. వేడి మాత్రం 5 శాతం వరకూ తగ్గొచ్చు, అది కంటికి కనబడేది కాదు. అన్నం ఆలస్యానికి అసలు కారణం నీళ్లు: ఇక్కడ సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ పెడితే ఆ తేడా దాదాపు పోతుంది.

అపార్ట్‌మెంట్‌లో పైపు గ్యాస్ ఉంటే ఇంకో జాగ్రత్త. అది ప్రధానంగా మీథేన్, అదే పరిమాణంలో ప్రొపేన్ ఇచ్చే వేడిలో సగం కూడా ఇవ్వదు, ఒత్తిడీ తక్కువే. అందుకే స్టవ్‌కి పెద్ద జెట్లు వేస్తారు. ఇల్లు మారి అదే స్టవ్‌ను సిలిండర్‌కి కలిపితే పొడుగాటి పసుపు మంటలు లేస్తాయి. కలిపేముందే జెట్లు మార్పించండి.