ఉల్లిపొరలో కణాలు చూడటం ఎలా? గాలిబుడగలు కాదు, కణాలు!

మైక్రోస్కోపులో నల్లటి అంచుతో గుండ్రంగా, నడుమ తళతళలాడుతూ ఒక వస్తువు కనబడుతుంది. "కణం దొరికింది!" అని ఎగిరి గంతేసి, నోటుబుక్కులో దాని బొమ్మ గీసి, మధ్యలో చుక్క పెట్టి "కేంద్రకం" (న్యూక్లియస్) అని రాసేస్తారు పిల్లలు. దానికి టిక్కు పెట్టి మార్కులు వేసేసే పెద్దలూ ఉన్నారు. అది కణం కాదు, గాలిబుడగ. ఈ మాట చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఈసారి పని మొత్తం వరుసగా రాసి పెడుతున్నాను.

కావలసినవి: ఒక ఉల్లిపాయ, బ్లేడు, పట్టకారు, సూది, మెత్తటి బ్రష్, డ్రాపర్, వాచ్ గ్లాసు (లోతులేని చిన్న గాజు గిన్నె), గాజు స్లైడు, కవర్ స్లిప్ (స్లైడు మీద కప్పే పలచటి గాజు పలక), నీళ్లు, పలచటి సఫ్రనిన్ (ఎర్రటి రంగు) ద్రావణం, నీటిని పీల్చే బ్లాటింగ్ పేపరు, మైక్రోస్కోపు. బ్లేడు పని దగ్గర పెద్దవాళ్లు ఉండాలి. జాబితా ఇంతే, ఇందులో వింతేమీ లేదు.

పొర తీయడం

ఉల్లిపాయని నాలుగు ముక్కలు చేసి, లోపలి నుంచి దళసరిగా, రసం నిండుగా ఉన్న ఒక రేకను తీసుకోండి. లోపలికి వంగిన వైపున బ్లేడుతో 5 మిల్లీమీటర్ల చదరం గీసి, ఒక మూలను పట్టకారుతో పట్టి లేపితే పారదర్శకమైన పొర ఊడి వస్తుంది. రేకను విరిచి వేలాడే పొరను లాగే పద్ధతి కూడా ఉంది. నాకది నచ్చదు. ఎంత పొర వస్తుందో చెప్పలేం, వచ్చింది చుట్టుకుపోతుంది. గీసి తీయాలి, అంతే.

పొరకు తెల్లటి గుజ్జు అంటుకుని ఉంటే పారేసి ఇంకొకటి తీయండి. ఒకే వరుస కణాలున్న పొర కావాలి. రెండు మూడు వరుసలుంటే ఒకదాని గోడ మీద ఇంకొకదాని గోడ పడి అంతా గజిబిజి అవుతుంది. పైన కాగితంలా ఎండిన పొట్టును మాత్రం తేకండి. అందులో కణాలు చచ్చిపోయి ఉంటాయి, ఖాళీ గోడలే మిగులుతాయి. 1665లో శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసినవీ అలాంటి ఖాళీ గోడలే. ఆయన దగ్గరున్నది బెండు కాబట్టి సరే, మీ దగ్గర పచ్చి ఉల్లి ఉంది కదా.

తీసిన పొరను ఆ క్షణమే వాచ్ గ్లాసులోని నీళ్లలో వేయండి. గాలికి ఉంచితే ఎండి ముడుచుకుంటుంది. ముడుచుకున్న పొరను సాగదీయడం వృథా ప్రయాస.

రంగు వేయడం

నీళ్లలో ఒక చుక్క సఫ్రనిన్ వేసి, ఒక నిమిషం ఆగి, పొరను బ్రష్‌తో ఎత్తి మంచినీళ్లలో కడగండి. పొర లేత గులాబీ రంగులో ఉండాలి. ముదురు ఎరుపు ఎక్కితే లోపల ఏమీ కనబడదు.

చాలామంది అయొడిన్ వాడమంటారు. దానితోనూ కేంద్రకం కనబడుతుంది, కాదనను. కానీ గోడ, కణద్రవ్యం (కణంలో నిండిన చిక్కటి పదార్థం), కేంద్రకం అన్నీ పసుపు, గోధుమ రంగుల మధ్యే ఉండిపోయి, మొదటిసారి చూసే కంటికి తేడా తెలియదు. సఫ్రనిన్‌తో కేంద్రకం ఎర్రగా పైకి తేలుతుంది. పిండిపదార్థాన్ని చూపించడానికి అయొడిన్‌ను మించింది లేదు, కానీ ఉల్లి తన ఆహారాన్ని పిండిపదార్థంగా దాచుకోదు. కాబట్టి ఇక్కడ దానికి పని లేదు.

కవర్ స్లిప్ వేయడం: తొందరపడకండి

ఇప్పటిదాకా చేసిన పనిలో చిన్నాచితకా పొరపాట్లు సర్దుకుపోతాయి. ఇక్కడ సర్దుకుపోవు. నల్లంచు బుడగలన్నీ పుట్టేది ఈ పది సెకన్లలోనే.

ముందు శుభ్రం సంగతి. స్లైడునైనా కవర్ స్లిప్‌నైనా అంచులతోనే పట్టుకోవాలి. వేలిముద్రలోని జిడ్డు ఉన్నచోట నీరు పరుచుకోదు, ముత్యంలా ముడుచుకుంటుంది. నీరు పరుచుకోని చోటల్లా గాలి మిగులుతుంది. మెత్తటి బట్టతో రెండింటినీ తుడవండి. కవర్ స్లిప్ మందం మిల్లీమీటరులో ఆరో వంతు కూడా ఉండకపోవచ్చు, గట్టిగా రుద్దితే పుటుక్కున విరుగుతుంది.

తర్వాత నీరు. ముందు స్లైడు మధ్యలో ఒక చుక్క వేయాలి, ఆ చుక్కలోకి పొరను దించాలి. పొరను పొడి గాజు మీద పెట్టి పైనుంచి నీళ్లు పోసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అలా చేస్తే పొరకీ గాజుకీ మధ్య ఉన్న గాలి అక్కడే చిక్కుకుంటుంది, ఇక పైన ఎంత జాగ్రత్తగా చేసినా లాభం లేదు. పొరను బ్రష్ మీదే ఎత్తి తేవాలి, పట్టకారుతో కాదు. పట్టకారు పట్టిన చోట కణాలు నలిగిపోతాయి. చుక్కలోకి దించాక మూలలు మడత పడితే సూది మొనతో మెల్లగా విప్పండి. మడత కింద గాలి దాక్కుంటుంది, దాన్ని ఇప్పుడే తీయాలి. పొర చదునుగా పరుచుకున్నాక దాని మీద ఇంకో చిన్న చుక్క వేయండి. పొరకు పైనా కిందా నీరు ఉండాలి.

ఇక కవర్ స్లిప్. ఒక అంచును చుక్క పక్కన స్లైడుకు ఆనించి, సుమారు 45 డిగ్రీల వాలులో నిలపండి. ఆ అంచును నెమ్మదిగా నీటి వైపు జరపండి. అంచు నీటిని తాకిన క్షణంలో ఒక చిన్న సంగతి జరుగుతుంది: నీరు తనంతట తానే ఆ అంచు పొడవునా ఈ చివరి నుంచి ఆ చివరికి జరజరా పాకుతుంది. కళ్లారా అది చూసేదాకా చెయ్యి కదపకూడదు. ఎక్కువమంది ఆగనిది ఇక్కడే. నీరు అంచంతా పాకిందంటే ఇక అది ఒకవైపు నుంచి మొదలై ముందుకు జరుగుతూ గాలిని ఎదుటి అంచు నుంచి బయటికి నెట్టేస్తుంది. పాకకముందే దించితే నీరు రెండు మూడు చోట్ల నుంచి బయలుదేరి, మధ్యలో గాలిని చుట్టుముట్టి బంధిస్తుంది.

పై అంచు కింద సూదిని ఆనించి, పుస్తకం మూసినట్టు మెల్లగా దించండి. వేలితో దించవద్దు. వేలు వదిలే చివరి క్షణంలో కవర్ స్లిప్ టప్పుమని పడుతుంది, అక్కడితో పని చెడుతుంది. సూదిని చివరిదాకా కిందే ఉంచి, ఆఖరున పక్కకు లాగేయాలి. ఈ దించడానికి కనీసం ఐదు సెకన్లు పట్టాలి. అంతకంటే త్వరగా అయిందంటే తొందరపడ్డారనే అర్థం.

అయినా బుడగ వచ్చిందనుకోండి. బొటనవేలితో పైనుంచి అదమకండి. బుడగ పక్కకు జరుగుతుందే గాని పోదు. కణాలు నలుగుతాయి, కవర్ స్లిప్ విరిగి వేలికి గుచ్చుకోనూ వచ్చు. అంచుల్లో ఒకటో రెండో చిన్న బుడగలుంటే వదిలేయండి, వాటి జోలికి పోనక్కర్లేదు. పొర మీదే పెద్దది కూర్చుంటే అంచు దగ్గర ఒక చుక్క నీరు చేర్చి, ఆ వైపు సూదితో కాస్త ఎత్తి మళ్లీ దించండి. రెండుసార్లకీ పోకపోతే తీసేసి మొదటి నుంచి వేయడమే మేలు.

నీరు ఎక్కువై కవర్ స్లిప్ తేలుతుంటే బ్లాటింగ్ పేపరు మూలను అంచుకు తాకించండి. తాకించాలి, తుడవకూడదు. కవర్ స్లిప్ కదలడం ఆగిందా, కాగితం తీసేయండి. ఇంకా పీల్చనిస్తే నీటి స్థానంలో గాలి దూరుతుంది, బుడగను మనమే పిలిచి కూర్చోబెట్టినట్టవుతుంది.

నీటికి బదులు గ్లిసరిన్ వేయమని చెప్పేవాళ్లున్నారు, స్లైడు త్వరగా ఎండదని. నిజమే, ఎండదు. కానీ గ్లిసరిన్ చిక్కన, అందులో చిక్కిన బుడగ కదలనే కదలదు. పైగా అది బతికున్న కణంలోంచి నీటిని బయటికి లాగుతుంది. అరగంట చూడటానికి నీరు చాలు.

చూడటం

మొదట తక్కువ వృద్ధి ఇచ్చే, అంటే తక్కువ రెట్లు పెద్దది చేసి చూపే కటకంతోనే చూడాలి. నేరుగా 40 రెట్ల కటకం తిప్పకండి. పక్కనుంచి చూస్తూ కటకాన్ని స్లైడుకు దగ్గర చేయండి, తర్వాత కంటికటకంలోంచి చూస్తూ దూరం చేసుకుంటూ పోండి. కంటికటకంలోంచి చూస్తూ దగ్గర చేసేవాళ్లే స్లైడు పగలగొట్టేది. పొర దొరికాక పెద్ద కటకానికి మారి, చిన్న మరను (దృశ్యాన్ని కొద్దికొద్దిగా స్పష్టం చేసేది) మాత్రమే తిప్పండి. స్లైడును కుడికి జరిపితే దృశ్యం ఎడమకు పోతుంది, కంగారు పడకండి.

వెలుతురును తగ్గించండి. డయాఫ్రం (వెలుతురును హెచ్చించి తగ్గించే రంధ్రం) పూర్తిగా తెరిస్తే ఆ వెల్తురులో అంతా పాలిపోయి కనబడుతుంది. 1831లో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల పైపొరలో కేంద్రకాన్ని గమనించి దానికి ఆ పేరు పెట్టింది ఒంటి కటకమున్న మైక్రోస్కోపుతోనే. మన పరికరాలు అంతకంటే మెరుగైనవి, కాబట్టి తప్పు పరికరం మీదికి నెట్టకండి.

ఇప్పుడు కణమేదో, బుడగేదో. ఉల్లి కణాలు పొడవుగా, దీర్ఘచతురస్రాకారంలో, పక్కదానితో గోడ కలుపుకుని ఖాళీ లేకుండా ఉంటాయి. బుడగ ఒంటరి, గుండ్రన. నీటిలోంచి గాలిలోకి పోయేచోట కాంతి బాగా వంగిపోతుంది కాబట్టి దాని అంచు కాటుక పెట్టినంత నల్లగా ఉంటుంది, చిన్న మర తిప్పుతుంటే ఆ నలుపు లావెక్కుతూ సన్నబడుతూ ఉంటుంది. కణం గోడ ఎప్పుడూ అంత నల్లగా ఉండదు.

కేంద్రకం కణం నడుమ ఉండాలని ఎదురుచూడకండి. కణంలో ఎక్కువ చోటు రిక్తికదే, అంటే రసం నిండిన సంచిదే. అది కణద్రవ్యాన్నీ కేంద్రకాన్నీ గోడ పక్కకు నెట్టేస్తుంది. కొన్ని కణాల్లో కేంద్రకం మధ్యలో ఉన్నట్టు కనిపిస్తుంది, అక్కడ అది పై గోడకో కింది గోడకో ఆనుకుని ఉండి, మనం పైనుంచి చూస్తున్నాం కాబట్టి అలా అనిపిస్తుంది. చిన్న మర కాస్త తిప్పి చూడండి.

బొమ్మ గీయడం

కనబడింది మాత్రమే గీయాలి. ఉల్లిపొర బొమ్మలో మైటోకాండ్రియా, రైబోజోములు, గాల్జీ సంక్లిష్టం లాంటి కణంలోని చిన్న చిన్న భాగాలన్నీ పెట్టి రంగులు వేసి తెస్తారు. మామూలు మైక్రోస్కోపు 0.2 మైక్రోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువుల్ని విడదీసి చూపలేదు. రైబోజోము అందులో సుమారు పదోవంతే ఉంటుంది, మీకెలా కనబడింది? మైటోకాండ్రియా కొలతలో అంతకంటే పెద్దవే అయినా ఈ స్లైడులో, ఈ రంగుతో తేలవు. హరితరేణువులూ వద్దు. వెలుతురు తగలని ఆ రేకల్లో అవి ఉండవు.

కొలత కూడా రాయండి. తక్కువ వృద్ధిలో పారదర్శకమైన స్కేలు పెట్టి కనబడే వృత్తం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చూసుకుని, ఆ వ్యాసం వెంట కణాలు ఎన్ని పట్టాయో లెక్కపెట్టి భాగించండి. 2 మిల్లీమీటర్లలో 8 కణాలుంటే ఒక్కోటి 0.25 మిల్లీమీటర్ల పొడవు. బొమ్మ పక్కన వృద్ధి ఎంతో ఉండి తీరాలి: కంటికటకం 10, వస్తుకటకం (స్లైడు వైపున్నది) 40 అయితే మొత్తం 400 రెట్లు.

కణత్వచం (గోడకు లోపల కణాన్ని చుట్టి ఉండే పలచటి పొర) ఎక్కడ అని అడుగుతారు. అది గోడకు అంటుకుని ఉంటుంది, మందం మిల్లీమీటరులో లక్షో వంతు, విడిగా కనబడదు. దాన్ని గోడ నుంచి విడదీయాలంటే ఎర్ర ఉల్లి కావాలి. ఈసారి రేక బయటి వైపు నుంచి రంగున్న పొర తీయండి, సఫ్రనిన్ వేయకండి. పొరను మామూలుగా అమర్చి, కవర్ స్లిప్‌కు ఒక పక్క చిక్కటి ఉప్పునీటి చుక్క వేసి, ఎదుటి పక్క బ్లాటింగ్ పేపరు తాకించండి. ఉప్పునీరు కిందికి లాగబడుతుంది. కొద్ది నిమిషాల్లో ఎర్రటి భాగం గోడను వదిలి లోపలికి కుంచించుకుపోతుంది. ఆ ఎరుపు రిక్తికలోని రసానిది, దాని చుట్టూ గోడను వదిలిన హద్దే కణత్వచం ఉన్నచోటు. చూశాక ఆలస్యం చేయకుండా అదే పద్ధతిలో మంచినీళ్లు పంపితే మళ్లీ ఉబ్బి గోడను చేరుతుంది. చేరలేదంటే ఉప్పులో ఎక్కువసేపు ఉంచి కణాల్ని చంపేశారన్నమాట, కొత్త పొర తీసుకోండి.